స్రావనిర్ణయం: జిడ్డంకషా వ్యాఖ్యా సహితం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మన మల్లినాథసూరి, వ్యాఖ్య మొదలుపెట్టే ముందు ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. మాఘుడి కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. ఆ చనువుతోనే దీనికి జిడ్డంకష అని పేరు పెట్టాను. ఆయన మాటల్లో మొదటిది నేనూ ఇస్తాను. రెండోది ఇవ్వలేను. ఆయిలు లీకేజీ గురించి నోరు విప్పినవాడు అక్కరలేనిది చెప్పకుండా ఊరుకున్న దాఖలా ఏ షెడ్డులోనూ లేదు.

కావ్యానికి నాయకుడు కావాలి. ఇక్కడ నాయకుడు క్యాటర్‌పిల్లర్ డీ2 అనే చైను ట్రాక్టరు. పుట్టుక అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా కంపెనీ ఇంట. ఈ మోడలు 1938 నుంచి 1957 దాకా వచ్చింది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, దాన్ని నిద్ర లేపడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను. టాప్ గేరులో గంటకు సుమారు 8 కిలోమీటర్ల నడక, ఊరంతటికీ వినబడే గొంతు. ధీరోదాత్తుడని ఒప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో తిరిగే డోజర్లు దీనికి ఎన్నో రెట్లు పెద్దవి, వంశమూ వేరు. కారడంలో మాత్రం అన్నీ సగోత్రాలే.

మూలకర్త ఎవరో తెలియదు. భాషను బట్టి పండితుడనీ, విషయాన్ని బట్టి మేస్త్రీ అనీ రెండు వాదాలున్నాయి. చేతికి మసి అంటినవాడన్నంతవరకు వివాదం లేదు.

మూలం (తేటగీతి)

నూనె కారెడు చోటది నూనె పుట్టు
చోటు గాదని తెలియుము, చూపు నిలిపి
కడిగి తుడిచియు నడిపించి కాంచు మెగువ
తడిని, పానాకు ముందుగాఁ దలపు వాడు.

ప్రతిపదార్థం

నూనె = ఆయిలు (ఇంజనాయిలు, గేరాయిలు వగైరా; గణం కుదరక కవి వంటింటి మాట వాడాడు); కారెడు చోటది = నేల మీద మచ్చ పడిన తావు; నూనె పుట్టు చోటు కాదని = ఆయిలు అసలు బయటపడిన జాయింటు కాదని; తెలియుము = గ్రహించు; చూపు నిలిపి = టార్చిలైటు వేసి; కడిగి = కిరోసిన్‌తో, బ్రష్షుతో మట్టీ జిడ్డూ వదిలించి; తుడిచియు = పొడి గుడ్డతో కూడా తుడిచి; నడిపించి = ఇంజను వేడెక్కేదాకా ఆడించి; ఎగువ తడిని = తడిసిన చోట్లన్నిటిలో పైదాన్ని; కాంచుము = చూడు; పానాకు ముందుగాన్ = స్పానరు పట్టకముందే; తలపు = ఆలోచనను; వాడు = ఉపయోగించు.

తాత్పర్యం

చుక్క పడిన చోట వెతకవద్దు. బండిని శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, ఇంజను ఆడించి, మొట్టమొదట తడిసిన చోటు పట్టుకో. బోల్టుల జోలికి తర్వాత వెళ్లవచ్చు.

విశేషాలు

"నూనె పుట్టు చోటు గాదని": ఆయిలు కిందికి జారుతుందని చంటిపిల్లాడికీ తెలుసు. కానీ చైను ట్రాక్టరు మీద అది ఒక్క కిందికే పోదు. ఫ్యాను గాలికి వెనక్కో ముందుకో కొట్టుకుపోతుంది. ఈ బండ్లలో కొన్నిటికి ఫ్యాను గాలిని రేడియేటరులోంచి లోపలికి లాగుతుంది, కొన్నిటికి బయటికి తోస్తుంది. అందుకని ముందు ఒక కాగితం ముక్క పట్టుకుని గాలి ఎటు పోతుందో చూసుకోవాలి. బండి ఏటవాలు నేల మీద నిలబడి ఉంటే ఆయిలు వాలు ఎటుంటే అటు పాకుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంజను కింద ఉండే గార్డు ఒక ఎత్తు. రాళ్లు తగలకుండా ఆయిల్ చాంబరు కింద బిగించిన ఆ మందపాటి రేకు ఏళ్ల తరబడి మట్టి, ఆకులు, ఆయిలు కలిపి ముద్ద చేసి దాచుకుంటుంది. ఎక్కడో ముందు భాగంలో కారిన ఆయిలు దాని మీద పాకి, దాని వెనక అంచు నుంచి బొట్టుబొట్టుగా పడుతుంది. నేల మీది మచ్చను నమ్మి గేర్‌బాక్సు విప్పినవాళ్లు అందరూ ఈ రేకు చేతిలో మోసపోయినవాళ్లే. గార్డు దించి చూడడం ఉత్తమం. దించేటప్పుడు కింద జాకీతో పాటు దిమ్మలు కూడా పెట్టాలి. ఆ రేకు బరువు మనిషి ఛాతీ మోసేది కాదు.

"కడిగి": ఇక్కడ కవి దేనితోనో చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పక తప్పదు. పెట్రోలుతో కాదు. వేడి ఇంజను మీద ఏ మండే ద్రవమూ కాదు. నీళ్ల జెట్టు కొట్టడం వేగమే గానీ, చిన్న ఇంజను మాగ్నెటోలోకి నీళ్లు పోతే లీకు సంగతి దేవుడెరుగు, బండి స్టార్టు కావడమే ఆగిపోతుంది. బ్రీదరులోకి పోతే ఆయిల్లో నీళ్లు కలుస్తాయి. చల్లారిన ఇంజను, గీకుడు బద్ద, కిరోసిన్, బ్రష్షు, ఓపిక. చివరిది షాపులో దొరకదు కనక హెల్పరుకు అప్పగిస్తారు.

"తుడిచియు": ఈ 'యు' పాదపూరణానికే వచ్చిందని లఘువులు లెక్కపెట్టే వర్గం అంటుంది. అది తొందరపాటు. కడిగినా సరే, తుడవడం కూడా వేరుగా చేయాలని కవి ఉద్దేశం. కడిగిన కిరోసిన్ జాయింట్ల సందుల్లో నిలిచి, ఇంజను ఆడగానే వేడికి కారి కొత్త లీకులా కనబడుతుంది. దాన్ని చూసి సీలు మార్చినవారి డబ్బు పోవడం ఈ ఒక్క అక్షరాన్ని విస్మరించిన ఫలితం. అనుమానం ఉన్న చోట ఆరాక కొంచెం టాల్కం పౌడరు చల్లితే తడి మొదలైన చోట గీత స్పష్టంగా పడుతుంది. ఆయిల్లో కలిపే రంగు కూడా ఉంది. అతినీలలోహిత టార్చి వేస్తే పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్ష మిట్టమధ్యాహ్నం ఎండలో చేసి రంగు పనిచేయలేదనకూడదు, షెడ్డు చీకటిలో చేయాలి.

"నడిపించి": ఎంతసేపు? ఎలా? కవి మౌనం. ఈ మౌనంలోనే సగం శాస్త్రం ఉంది. రాత్రి నిలబెట్టిన బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడాలి. అట్ట తడిస్తే, ఇంజను ఆగాక కూడా లోపల నిలిచే ఆయిలు మట్టం కంటే ఆ జాయింటు కింద ఉన్నట్టు. అంటే చాంబరు ప్యాకింగు, డ్రెయిన్ ప్లగ్గు, అలాంటివి. అట్ట పొడిగా ఉండి, ఇంజను ఆడినప్పుడు మాత్రమే తడిస్తే పీడనం ఉన్న దారిలో వెతకాలి. ఆయిల్ ఫిల్టరు కింది దిమ్మ, ప్రెషర్ గేజుకు పోయే సన్నని గొట్టం, వాటి యూనియన్లు. ఆ సన్నని గొట్టంలో వెంట్రుకవాసి పగులు ఉంటే చాలు, ఇంజను పక్క భాగమంతా అభిషేకం చేస్తుంది. ఖాళీగా ఆడించినప్పుడు కారనిది దుక్కిలో బరువు లాగినప్పుడు కారవచ్చు. అందుకని షెడ్డులో పరీక్షించి పొడిగా ఉందని బిల్లు రాయడం అర్ధ పరీక్ష, పూర్తి బిల్లు.

"ఎగువ తడిని": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ప్రాచీన గ్రంథ పరిష్కర్తలకు ఒక అలవాటు ఉంది. రెండు పాఠాలు దొరికితే కఠినమైనదే అసలుదంటారు, లేఖకుడు సులువైనదాన్ని కష్టం చేయడు కనక. లీకేజీ శాస్త్రంలో ఈ సూత్రం తలకిందులు. ఇక్కడ ఎప్పుడూ సులభ పాఠమే ముందు. ఇంజను వెనకవైపు, క్లచ్చి డొప్ప కింది రంధ్రం నుంచి నల్లటి ఆయిలు పడుతోంది అనుకోండి. చూసిన పదిమందిలో తొమ్మిదిమంది క్రాంకు వెనక సీలు పోయిందంటారు. అది కఠిన పాఠం. దాని కోసం క్లచ్చి, ఫ్లైవీలు అన్నీ విప్పాలి. కానీ పైన టాపెట్ కవరు వెనక మూల ప్యాకింగు ఎండి, అక్కడినుంచి ఆయిలు ఇంజను వీపు మీదుగా జారి, అదే డొప్ప మీద పాకి, అదే చోట పడగలదు. టాపెట్ కవరు ప్యాకింగు ఒక పూట పని. కాబట్టి పై నుంచి కిందికి, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు చదువుకుంటూ రావాలి. క్రాంకు సీలును ఆఖరి అధ్యాయంలో ఉంచాలి. ఈ మాట మెకానిక్కులకు నచ్చకపోవచ్చు.

"పానాకు ముందుగాఁ దలపు వాడు": 'తలపువాడు' అని కలిపి చదివి, పానా కంటే ముందు ఆలోచనాపరుడు రావాలని అర్థం చెప్పిన సంప్రదాయం ఒకటుంది. వ్యాకరణం ఒప్పుకున్నా అనుభవం ఒప్పుకోదు. షెడ్డుకు ముందొచ్చేవాడు ఎప్పుడూ సలహాదారే.

పూర్వపక్షం

బిగింపువాదులు: కారే చోట బోల్టు బిగిస్తే చాలును గదా అంటారు. చాలదు. పలుచటి రేకు కవరును అతిగా బిగిస్తే బోల్టు రంధ్రం చుట్టూ రేకు లోపలికి కుంగుతుంది, బోల్టుకూ బోల్టుకూ మధ్య పైకి లేస్తుంది. కార్కు ప్యాకింగు పగిలి బయటికి తోసుకొస్తుంది. అప్పటిదాకా ఒక చోట చెమ్మగిల్లినది నాలుగు చోట్ల కారుతుంది. కవరు విప్పి, చదునైన దిమ్మ మీద పెట్టి, సుత్తితో రంధ్రాల అంచులు సరిచేసి, కొత్త ప్యాకింగు వేసి, చేతికి పట్టుదొరికేంత బిగింపుతో వదిలేయాలి. రాగి వాషరు అయితే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. పారేయనక్కరలేదు.

మందువాదులు: డబ్బాలో వచ్చే లీకు మందు ఆయిల్లో పోస్తే సరి అంటారు. ఆ మందులు చేసే పని రబ్బరు సీళ్లను కొంచెం ఉబ్బించడం. తోలు, కార్కు, కాగితం ఉన్న చోట ఉబ్బడానికి ఏముంది? సీలు రాచి రాచి షాఫ్టు మీద గాడి పడి ఉంటే ఏ మందూ ఆ గాడిని పూడ్చదు.

లోకాయతులు: కారకపోతే ఆయిలు లేనట్టే, కారడమే ఆరోగ్య లక్షణం అంటారు. నవ్వకండి. ఈ వాదంలో బలం ఉంది. వయసు మళ్లిన బండిని పూర్తిగా పొడిగా ఉంచాలంటే బండి విలువ కంటే ఎక్కువ అవుతుంది. వీళ్లతో వాదించేటప్పుడు ఒక్కటే అడగాలి: రోజుకు ఎంత పోస్తున్నావు? రోజూ గేజు చూసి, పోసిన ఆయిలు ఒక పుస్తకంలో రాసుకునేవాడైతే అతణ్ణి అతని మతంలో వదిలేయవచ్చు. రాసుకోనివాడు లోకాయతుడు కాదు, బద్ధకస్తుడు.

సిద్ధాంతం

పై ముగ్గురూ మరిచినది బ్రీదరు. పిస్టన్ రింగులు ఎంత బాగున్నా కొంత పీడన వాయువు వాటిని దాటి చాంబరులోకి దిగుతుంది. రింగులు అరిగిన పాత ఇంజనులో మరీ ఎక్కువ. అది బయటికి పోవడానికే బ్రీదరు. అందులో మసి, దుమ్ము చేరి మూసుకుపోతే లోపలి పీడనం ఆయిలును దొరికిన ప్రతి సందులోంచీ తోస్తుంది. అప్పుడు క్రాంకు ముందు సీలు, వెనక సీలు, టాపెట్ కవరు, గేజు గొట్టం మూత, అన్నీ ఒకేసారి ఏడుస్తాయి. ఎన్ని జాయింట్లు ఒకేసారి కారితే అంత ఎక్కువగా బ్రీదరును అనుమానించాలి. ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత తీసి చూస్తే బుస్సుమని పొగ కొడుతుంటే అక్కడే తేలిపోతుంది. ముందు బ్రీదరు కడిగి చూడాలి. కడిగినా పొగ తగ్గకపోతే రోగం రింగులది. ఈ పని చేయకుండా కొత్త సీళ్లు వేస్తే అవీ కారతాయి, సీళ్ల షాపువాడి మీద అపవాదు పడుతుంది.

మూలం (ఆటవెలది)

నలుపు దేలెనేని నది యింజనుదె గాని
గంధకంపు కంపు గలుగు గేరు;
పలుచనైన దెల్లఁ బర్వెడు డీజిలు;
వేలు ముక్కు చెంత వేగ నిలుపు.

తాత్పర్యం

నల్లగా ఉంటే ఇంజనాయిలు, గంధకం కంపు కొడితే గేరాయిలు, పలుచగా పాకేది డీజిలు. తెల్ల గుడ్డ మీద కాస్త అద్ది, వేలితో తీసి వాసన చూడు.

విశేషాలు

"వేగ" ఎందుకంటే, మట్టిలో కలిసి ఎండితే మూడింటికీ ఒకటే రంగు, ఒకటే వాసన. "నది" అన్నది 'అది' శబ్దం, గోదావరి కాదు. కారుతున్న ధాటిని బట్టి గోదావరే అని కొందరు సమర్థిస్తారు.

హైడ్రాలిక్ ఆయిలు ఊసు లేదేమని ఆక్షేపణ. నాగలి లాగే ఒట్టి ట్రాక్టరుకు బ్లేడు లేదు, ఎత్తే జాకీలు లేవు. లేనిదాని గురించి కవి ఎందుకు రాస్తాడు? తర్వాత బ్లేడు బిగించుకున్నవాళ్లు తమ పద్యం తాము రాసుకోవాలి.

"గాని": ఈ మాట ఊరికే పడలేదు. నలుపు ఇంజనుదే అని ఉత్సర్గం చెప్పి, 'గాని' అనడంలో కవి అపవాదాన్ని దాచాడు. డీజిల్ ఇంజనును బరువు లేకుండా గంటల తరబడి సన్నగా ఆడించి వదిలితే లోపల వేడి చాలదు. సగం కాలిన డీజిలు, ఆయిలు కలిసి నల్లటి జిగురై సైలెన్సరు దారి పట్టి, మానిఫోల్డు జాయింట్ల సందుల్లోంచి ఇంజను పక్కన చారలు కడుతుంది. చూసినవాడు హెడ్డు ప్యాకింగు పోయిందని గుండె బాదుకుంటాడు. మందు ప్యాకింగు కాదు, పని. ఒక పూట గట్టిగా దుక్కి దున్నిస్తే ఆ జిగురు కాలిపోయి చారలు ఆగిపోతాయి. డీ2లో ఇంకో చమత్కారం: చిన్న ఇంజను పొగ గొట్టం పెద్ద ఇంజను గాలి పీల్చే దారి గుండా పోతుంది, దాన్ని వెచ్చబెట్టడానికి. నీళ్లు కూడా రెండింటికీ ఒకటే. కాబట్టి ఆ చుట్టుపక్కల మసి కనబడితే ఎవరి మసో ముందు తేల్చుకోవాలి.

ఆ చిన్న ఇంజనును అమెరికాలో పోనీ మోటారు అంటారు. పేరు విని పోనీలే అని వదిలేస్తే ప్రమాదం. కార్బరేటరు సూది సరిగా కూర్చోకపోతే, పెట్రోలు కుళాయి కట్టేయడం మరిస్తే, పెట్రోలు మెల్లగా దాని చాంబరులోకి దిగుతుంది. గేజు తీసి చూస్తే ఆయిలు పెరిగి ఉంటుంది. పెరిగిందని సంతోషించకూడదు, వాసన చూడాలి. పెట్రోలు కలిసిన ఆయిలుతో స్టార్టు చేయడం నిప్పుతో ఆట. పాత ఆపరేటర్లు కుళాయి కట్టేసి, కార్బరేటరులో మిగిలినది ఖర్చయి ఇంజను తనంత తాను ఆగేదాకా ఆగుతారు. పెద్ద ఇంజనుకూ ఇదే న్యాయం. ఆయిలు తగ్గడం ఒక జబ్బు, పెరగడం ఇంకో జబ్బు. డీజిల్ పంపు సీలు పోయి ఆయిల్లో డీజిలు కలిస్తే ఆయిలు పలుచబడి, నిన్నటిదాకా ఆగిన జాయింట్లు ఇవాళ కారతాయి. అలాంటప్పుడు జాయింట్లను తిట్టి లాభం లేదు.

శంక, సమాధానం

చైను ట్రాక్టరుకు తిరగడానికి స్టీరింగు చక్రం లేదు. గేర్‌బాక్సు వెనక కుడికొకటి ఎడమకొకటి స్టీరింగు క్లచ్చిలుంటాయి. ఒకదాన్ని వదిలిస్తే ఆ పక్క చైనుకు ఇంజను బలం అందక బండి అటు తిరుగుతుంది. ఈ పాత బండ్లలో అవి పొడి క్లచ్చిలు. ఆయిలు తగిలితే జారతాయి. బండి దుక్కిలో బరువు పడగానే ఒక పక్కకు ఈడ్చుకుపోతుంటే, ఆ గది అడుగు ప్లగ్గు తీసి చూడాలి. ఆయిలు పడితే రోగం తెలిసినట్టే. తెలియనిది అది ఎటునుంచి వచ్చిందన్నది. గదికి ఒక వైపు గేర్‌బాక్సు, ఇంకో వైపు ఫైనల్ డ్రైవ్. రెండింట్లోనూ గేరాయిలే. రెండూ గంధకం కంపే. ముక్కు ఇక్కడ పనికిరాదు, రెండో పద్యం ఇక్కడ ఓడిపోయింది.

సమాధానం: కొలత. గేర్‌బాక్సులోనూ, రెండు ఫైనల్ డ్రైవుల్లోనూ మట్టం సరిచేసి, చదును నేల మీద గుర్తు పెట్టుకుని, బండిని పనిలో పెట్టాలి. ఏది తగ్గితే దానిది తప్పు. ఎవరో ముందుచూపుతో నిండుగా, మట్టం దాటి పోసి ఉంటే మాత్రం దోషం సీలుది కాదు, పోసినవాడిది. తడిసిన క్లచ్చిలను విప్పకుండానే ఆ గదిలో కిరోసిన్ పోసి, బండిని ముందుకూ వెనక్కూ నడిపి, లివర్లు లాగి వదిలి, కడిగి వార్చేయడం పాత పద్ధతి. దగ్గర్లో బీడీ కాల్చకూడదన్నది మూలంలో లేకపోయినా ప్రమాణమే. సీలు మార్చకుండా కడగడం మాత్రం కొద్ది రోజుల ముచ్చటే.

ఫైనల్ డ్రైవు బయటి వైపు, స్ప్రాకెట్టు వెనక ఇంకో సీలుంటుంది. స్ప్రింగు బలంతో ముఖానికి ముఖం ఆనించి నిలిచే రకం. బురద, ఎండుగడ్డి, ముఖ్యంగా పొలంలో పడేసిన ఇనుప తీగ దాని పక్కన చుట్టుకుంటే ముఖం దెబ్బతింటుంది. అక్కడ ఆయిలు బయటికి వచ్చిన దారినే నీళ్లూ మట్టీ లోపలికి పోతాయి. డ్రెయిన్ ప్లగ్గు వదులు చేస్తే మజ్జిగలా తెల్లగా వస్తే ఆలస్యం చేయకూడదు. గేర్లు, బేరింగులు ఆ మజ్జిగ తాగి బతకవు. మొత్తం బండిలో ఏ లీకుకైనా తొందరపడవలసిన పని ఉంటే అది దీనికే. వ్యాఖ్యాతగా నా అభిప్రాయం ఇది.

శేషం

చైను కింది రోలర్ల మాట మూలంలో ఎక్కడా లేదు. వాటి సీళ్లూ కారతాయి. సాయంత్రం బండి ఆపాక చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే, మిగతావాటి కంటే కాలిపోతున్న రోలరు లోపల ఆయిలు లేదని చెబుతుంది. దాన్ని మార్చాలి. మిగతావాటికి గన్నుతో ఆయిలు కొట్టుకుంటూ పోవాలని ఒక మతం, అన్నీ విప్పి ఒకేసారి సీళ్లు వేయాలని ఇంకో మతం. రెండో మతం వారు చైను విప్పి, ట్రాక్ ఫ్రేము దించి, షాఫ్టులు, బుష్షులు కొలిచి, మొత్తం బిల్లు కాగితం మీద వేసి యజమానికి చూపించేదాకా గట్టిగానే వాదిస్తారు. ఆ కాగితం చదివాక యజమాని మడిచి జేబులో పెట్టుకుని, గన్ను ఎక్కడుందని అడుగుతాడు.